అప్పూ అప్పూ కలిస్తే లాభం కాదండీ

"మా పిల్లకి ఇంటీజర్స్ ఎక్కట్లేదండీ, ట్యూషన్‌లో వేశాం." ఆరో తరగతి పిల్లలున్న అమ్మల దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది. "నాకు లెక్కలు రావు కదా, నేనేం చెప్పగలను?" మొదటి మాటకి జాలేస్తుంది కానీ, నాకు ఒళ్ళు మండేది ఈ రెండో మాటకే.

ఎవరికండీ లెక్కలు రానిది? పాల కార్డు మీద నాగాలు తీసేసి నెలాఖరున ఎంతివ్వాలో నోటితో చెప్పేది మీరు. కిరాణా ఖాతాలో పోయిన నెల బాకీ ఎంత, ఈ నెల కట్టింది ఎంత, ఇంకా ఎంత మిగిలిందో పుస్తకం తెరవకుండా చెప్పేది మీరు. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్ళయితే పొదుపు ఒక పక్కా, అప్పు ఒక పక్కా పెట్టుకుని, వాయిదా ఒక్క రూపాయి తేడా వచ్చినా లీడర్ని నిలదీస్తారు. ధన సంఖ్యలూ రుణ సంఖ్యలూ కూడటం అంటే ఇదే. పుస్తకంలో ఇంతకంటే ఎక్కువేం లేదు. కావాలంటే మీ పిల్ల పుస్తకం తీసి చూడండి.

అసలు పేరులోనే ఉంది సంగతంతా. పిల్లలు ఇంగ్లీషు మీడియంలో పాజిటివ్, నెగెటివ్ అని చదువుకుంటున్నారు కాబట్టి ఆ మాటల్లో వాళ్ళకి ఏమీ వినిపించదు. మన మాటల్లో అవి ధన సంఖ్య, రుణ సంఖ్య. ధనం అంటే సొమ్ము, రుణం అంటే అప్పు. ఇది నేను అతికించిన అర్థం కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఈ కూడికల సూత్రాలు ఈ మాటలతోనే ఉన్నాయి. ధనమూ ధనమూ కలిపితే ధనం. రుణమూ రుణమూ కలిపితే రుణం. ధనాన్నీ రుణాన్నీ కలిపితే ఆ రెంటికీ ఉన్న తేడా. రెండూ సమానమైతే సున్నా. అయిపోయింది పాఠం! పదమూడు వందల తొంభై ఏళ్ళ కిందటే అప్పూ సొమ్మూ అని చెప్పిన దాన్ని, మనం ఫీజు కట్టి మరీ గుర్తుల బట్టీగా మార్చుకున్నాం.

మా అమ్మాయి వెళ్ళిన ట్యూషన్‌లో చెప్పిన సూత్రం ఇది: "సేమ్ సైన్స్ అయితే యాడ్, డిఫరెంట్ సైన్స్ అయితే సబ్‌ట్రాక్ట్, పెద్ద నంబర్ సైన్ పెట్టెయ్." తప్పు సూత్రం అనను, జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ ఎందుకు అలా అని ఆ పిల్ల అడిగితే "రూల్ అంతే" అన్నారు. పెద్ద నంబర్ అంటే ఏది పెద్ద? మైనస్ 7 కంటే ప్లస్ 4 పెద్దది కదా, మరి 4 గుర్తు ఎందుకు పెట్టకూడదు? ఆ పిల్ల అడిగింది నిజంగా మంచి ప్రశ్న. దానికి వచ్చిన జవాబు "బేసిక్స్ లేవు". నేను ఇంట్లో చూసుకుంటానంటే, "మీది తెలుగు బీఏ కదండీ, మీరు చెప్తే కన్‌ఫ్యూజ్ అవుతుంది" అన్నారు ఆ సారు, నవ్వుతూనే. తెలుగు బీఏ చదివినవాళ్ళకి పావులూరి మల్లన ఎవరో తెలుసు. మహావీరాచార్యుల గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. తెలుగుకీ లెక్కలకీ చుట్టరికం లేదనుకోవడం ఆ సారు చదువుకోని సాహిత్య చరిత్ర.

ఈ బట్టీ వల్ల నష్టం వెంటనే కనబడదు, వారం ఆగితే కనబడుతుంది. అన్నయ్య దగ్గరో అక్క దగ్గరో "మైనస్ మైనస్ ప్లస్" అన్న మాట చెవిన పడుతుంది. అది గుణకారం మాట, కూడికది కాదు. అర్థం తెలియని పిల్లకి రెండూ ఒకేలాంటి మంత్రాలు కాబట్టి ఏది ఎక్కడ వేయాలో తెలియదు. మైనస్ 7కి మైనస్ 4 కలపమంటే ప్లస్ 11 అని రాస్తుంది. రాసి, ధైర్యంగా పక్క లెక్కకి పోతుంది. తన తప్పు తనకి కనిపించే దారే లేదు. అదే పిల్లని "కొట్లో 7 రూపాయలు బాకీ ఉన్నాం, ఇవాళ ఇంకో 4 రూపాయలది అరువు తెచ్చావు, ఇప్పుడు కొట్టతను నీకు 11 ఇస్తాడా?" అని అడగండి. పకపకా నవ్వుతుంది. 7 బాకీలో 4 కట్టి వస్తే ఎంత? ఇంకా 3 బాకీ. మైనస్ 3. పెద్ద నంబర్ గుర్తు ఎందుకు పెడతామో కూడా ఇక్కడే తెలిసిపోయింది. చేతిలో ఉన్న డబ్బుకంటే బాకీ ఎక్కువ, కాబట్టి మిగిలేదీ బాకీయే.

బడిలో చెప్పే ఉదాహరణలు మంచు కొండల మీద సున్నాకి కిందకి దిగే ఉష్ణోగ్రతలు. రెంటచింతల ఎండల్లో పెరిగే పిల్లాడికి మైనస్ 5 డిగ్రీలు ఏం తెలుస్తాయండీ? అప్పు తెలియని ఇల్లు మాత్రం లేదు.

కాగితం మీద కూడా వద్దనుకుంటే వంటింట్లోకి రండి. శనగలు సొమ్ము, నల్ల మినుములు అప్పు. ఒక శనగ, ఒక మినుము ఎదురుపడితే రెండూ చెల్లు, తీసి పక్కన పెట్టెయ్యాలి. 7 మినుములూ 4 శనగలూ పళ్ళెంలో పోయమనండి. నాలుగు జతలు పోతాయి, మూడు మినుములు మిగులుతాయి. అంతా మినుములే పోస్తే చెల్లడానికి ఏమీ లేదు, పోగు పెరుగుతుంది. ఇదేమీ నా కొత్త విద్య కాదు. పాతకాలం చైనాలో లెక్కల పుల్లలు వాడేవాళ్ళు, ధనానికి ఎర్రవి, రుణానికి నల్లవి. (ఇప్పుడు నష్టం వస్తే ఎర్ర అంకెలతో రాస్తారు, సరిగ్గా తలకిందులు!) పదిసార్లు ఆడాక పళ్ళెం అక్కర్లేదు, పిల్ల కళ్ళు మూసుకుని చెప్తుంది.

రావట్లేదని పిల్లల్ని మొద్దులనేవాళ్ళకి ఇంకో సంగతి. ఫ్రాన్సిస్ మాసెరస్ అని ఇంగ్లండులో చదువుకున్న పెద్దమనిషి, లెక్కలు వచ్చినవాడే, మైనస్ గుర్తుని ఇలా వాడటం మీద అభ్యంతరాలతో 1758లో ఒక పుస్తకమే రాశాడు. అంత పెద్దవాళ్ళకే మింగుడు పడనిది పదకొండేళ్ళ పిల్లకి ఒక్క పీరియడ్‌లో పట్టుబడలేదని "బేసిక్స్ లేవు" అంటామా?

సరే, పిల్లల మార్కుల సంగతి వదిలేయండి. ఈ కూడిక రాదని మనకి మనమే అనుకుంటే నష్టం మనకే. చాలా ఇళ్ళల్లో జరిగేదే చెప్తాను. బయట 30,000 చేబదులు ఉంది. ఇల్లాలి గాజులు తాకట్టు పెట్టి 50,000 తెచ్చారు. 30,000 బాకీ కట్టేశారు. 20,000 మిగిలింది. ఆయన ఇంటికొచ్చి, "అప్పు తీరింది, పైగా చేతిలో ఇరవై వేలు" అంటాడు. ఆవిడ కూడా హమ్మయ్య అనుకుని పండక్కి చీర తీసుకుంటుంది. ఒక్కసారి కూడండి. మొదట మైనస్ 30,000. ఇప్పుడు చేతిలో ప్లస్ 20,000, తాకట్టు మైనస్ 50,000. కలిపితే? మైనస్ 30,000! ఒక్క రూపాయి అప్పు తీరలేదు, అప్పు ఇచ్చినవాడు మారాడు. గాజులు మాత్రం బ్యాంకులో ఉన్నాయి. కొత్త వడ్డీ పాత వడ్డీకంటే తక్కువైతే అది మంచి పనే, కాదనను. కానీ ఆ మాట ఆ మాటగా చెప్పాలి. తీరిందని చెప్పకూడదు. చేతికొచ్చిన అప్పు సొమ్ము ఎప్పుడూ జంటగానే వస్తుంది, ప్లస్ 50,000తో పాటు మైనస్ 50,000. ఆ రెండోది మనకి చూపించరు, మనమూ అడగం. ఎందుకంటే "నాకు లెక్కలు రావు".

"పిల్లల ముందు అప్పుల మాటలేంటి, బెంగ పెట్టుకోరూ?" అని మా పిన్ని అంటుంది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. మీ ఇంటి అసలు అప్పు పిల్ల చేత కూడించమని నేను చెప్పట్లేదు. కొట్టు బాకీ చాలు, స్నేహితురాలి దగ్గర తీసుకున్న రెండు పెన్నులు చాలు. అయినా తలుపు చాటున గొంతు తగ్గించి మాట్లాడుకుంటే పిల్లలకి తెలియదనుకుంటున్నారా? వాళ్ళకి వినబడుతుంది, ఎంతో మాత్రం తెలియదు. ఎంతో తెలియని అప్పే ఎక్కువ భయపెడుతుంది.

తీసివేత కూడా ఇంట్లోనే చెప్పచ్చు. 7 రూపాయల బాకీలో కొట్టతను "4 వదిలెయ్యమ్మా" అన్నాడనుకోండి, అప్పులోంచి అప్పు తీసేసినట్టు. మిగిలింది 3 బాకీ. మనం 4 కట్టినా అంతే కదా? అప్పు తీసేయడమూ సొమ్ము కలపడమూ ఒకటే ఎందుకయ్యాయో ఇక్కడ తెలుస్తుంది.

ఏడో తరగతిలో గుణకారం వస్తుంది. అప్పుని అప్పుతో హెచ్చవేయడం నేను ఏ కొట్లోనూ చూడలేదు, అక్కడ నా శనగలూ మినుములూ పనిచేయవు. అప్పుడు మంచి మాస్టారెవరైనా దొరికితే పంపిస్తాను, ఫీజు కూడా సంతోషంగా కడతాను. కూడికలకి మాత్రం పంపను.