రక్షణము, పోషణము, ఆ తరువాతనే తేజస్సు



1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం తన ధ్యేయవాక్యాన్ని తైత్తిరీయోపనిషత్తు శాంతిమంత్రం నుండి గ్రహించింది. మా అధ్యయనం తేజోవంతమగుగాక అని దాని తాత్పర్యం. విద్యాపీఠానికి ఇంతకంటె ఉచితమైన ప్రార్థన దొరకదు. అయితే ఆ మంత్రాన్ని నిత్యం పాఠారంభంలో పఠించేవారికి ఒక సంగతి విదితమే. తేజస్సును కోరే భాగం అందులో నాలుగవది. మొదటి కోరిక రక్షణ, రెండవది పోషణ, మూడవది ఇరువురూ కలిసి సామర్థ్యంతో శ్రమించడం. ఈ మూడూ సిద్ధించిన మీదటనే చదువు ప్రకాశించాలని ఋషి అడిగాడు. పరస్పర ద్వేషం కలుగకుండుగాక అని ముగించాడు.

మరొక సూక్ష్మం కూడా ఉన్నది. ఆ మంత్రంలోని సర్వనామం ద్వివచనం. తెలుగులో ద్వివచనం లేదు గనుక ‘మమ్ము’ అని అనువదించి ముందుకు సాగిపోతాము. ‘మా ఇద్దరినీ’ అంటే గాని అర్థం పూర్తి కాదు. బోధించేవాడు, నేర్చేవాడు, ఇద్దరూ రక్షింపబడాలి, ఇద్దరూ పోషింపబడాలి. శిష్యుని అభ్యుదయం కోసం గురువు క్షీణించిపోవాలని ఉపనిషత్తు తలచలేదు.

నేటి విశ్వవిద్యాలయాలు నాలుగవ కోరికను ముఖద్వారం మీద చెక్కించుకుని, మొదటి రెండింటినీ ఉద్యోగి సొంత వ్యవహారంగా విడిచిపెట్టినవని నా అభిప్రాయం. విద్యాలయ పాలన గురించి అర్చకునికేమి తెలుసునని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. కాని నేను సేవ చేసే ఆలయానికి ఒక విశ్వవిద్యాలయం సమీపంలోనే ఉన్నది. అక్కడివారు గోత్రనామాలతో పాటు తమ వ్యథను కూడా చెప్పుకుంటారు. పూర్వం పదోన్నతి కోసం, సంతానం వివాహం కోసం అర్చన చేయించేవారు. ఇటీవల నిద్ర పట్టాలని సంకల్పం చెప్పించమంటున్నారు. ఏటేటా ఒప్పందం పునరుద్ధరింపబడుతుందో లేదో తెలియని అధ్యాపకులు వేసవి వచ్చేసరికి ప్రదక్షిణల సంఖ్య పెంచుతారు. స్వామి కరుణామయుడు, సందేహం లేదు. అయినా నియామకపు ఉత్తర్వు మీద సంతకం చేయవలసినవాడు స్వామి కాడు గదా.

ఉద్యోగుల ఆరోగ్యం, మనశ్శాంతి అన్న మాటలు విద్యాలయాలలో ఇప్పుడు విరివిగా వినిపిస్తున్నవి. సంతోషమే. అందుకోసం జరిగేది మాత్రం చాలాచోట్ల ఒక్కరోజు ఉత్సవం. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో తీర్మానించగా 2015 నుండి జూన్ 21న అంతర్జాతీయ యోగ దినోత్సవం జరుగుతున్నది. యోగశాస్త్రానికి లభించిన ఆ గౌరవం మనకందరికీ ఆనందదాయకం. అయితే రాత్రి పొద్దుపోయేదాకా జవాబుపత్రాలు దిద్దినవారిని తెల్లవారుజామున ఆరు గంటలకు మైదానంలో కూర్చోబెట్టి, హాజరు తీసుకుని, ఛాయాచిత్రాలు తీయించడం యోగం ఎలా అవుతుంది? యమనియమాలలో మొట్టమొదటిది అహింస. నిద్రలేని దేహాన్ని ఆసనానికి బలవంతపెట్టడం అహింసలోకి రాదు. కెనడాలోని కెలోనాలో 2015లో విద్యాసంస్థల ఆరోగ్యం గురించి వెలువడిన ఒకనాగన్ పత్రం కూడా ఆరోగ్యదృష్టి విద్యాలయపు పాలనలో, నిర్వహణలో, బోధనలో అంతటా వ్యాపించి ఉండాలనే కోరింది. ఏ ఒక్క దినానికో దానిని పరిమితం చేయలేదు.

మన సంప్రదాయంలో ఈ విషయానికి చక్కని వ్యవస్థ ఒకటి ఉన్నది. దాని పేరు అనధ్యాయం. వేదపాఠశాలలో చదివినవారికి వివరించనక్కరలేదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్య తిథులలో పాఠం ఉండదు. అకాలంలో ఉరుము ఉరిమితే ఆపాలి. గ్రామంలో శవం ఉంటే ఆపాలి. ఆపస్తంబ ధర్మసూత్రం ప్రథమ ప్రశ్నలో ఈ విరామాలను ఎంత శ్రద్ధగా విధించిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వేదం నిత్యమని, అపౌరుషేయమని నమ్మినవారే దాని అధ్యయనానికి విరామం విధించారు. నిత్యమైనది వేదం. చదివే కంఠం, చెప్పే కంఠం నిత్యం కావు. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ కృశించిన విధాన్ని వానరులకు చెబుతూ పాడ్యమినాడు చదివేవాని విద్యతో పోల్చాడు. విశ్రాంతి తిథిని అతిక్రమించిన చదువు చిక్కిపోతుందన్నది ఆనాటికే లోకానుభవమన్నమాట. ఇది సోమరితనానికి సమర్థన కాదు. మా గురువుగారు అనధ్యాయం మరునాడు పాఠంలో ఒక్క స్వరం తప్పినా ఊరుకునేవారు కారు.

ఇప్పటి అధ్యాపకునికి అనధ్యాయం ఏది? విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం పూర్తికాలపు అధ్యాపకుని పనిభారం వారానికి 40 గంటలకు తగ్గకూడదు. అందులో సహాయాచార్యునికి 16 గంటలు, సహాచార్యునికీ ఆచార్యునికీ 14 గంటలు ప్రత్యక్షబోధన. కాగితం మీద ఇది న్యాయమైన లెక్క. వారానికి కనీసం ఇంత అని నిబంధన చెప్పింది. ఎంతకు మించరాదో ఆ లెక్కలో కనిపించదు. మూల్యాంకన సంఘం వస్తున్నదంటే నెలల తరబడి దస్త్రాలు సిద్ధం చేయడం, ప్రవేశాల విధులు, రాత్రి పది గంటలకు వాట్సాప్ బృందంలో ‘రేపు ఉదయానికల్లా పంపండి’ అన్న ఆదేశం, ఇవన్నీ ఆ లెక్కకు వెలుపల జరుగుతున్నవి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, హృద్రోగంతో మరణించే ముప్పు 17 శాతం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించినవి. పక్షానికి రెండు సాయంకాలాలైనా ఏ ఆదేశమూ వెలువడని అనధ్యాయాన్ని ప్రకటించడానికి ఏ కులపతికైనా ధనవ్యయం కాదు. ఒక్క ఉత్తర్వు చాలును.

ఇక్కడ మన ప్రవచనకారులలో కొందరితో నాకు భేదాభిప్రాయం ఉన్నది. ఉద్యోగుల సభలకు వెళ్లి వారు నిష్కామకర్మను ఉపదేశిస్తారు. ఫలాన్ని ఆశించక పనిచేయండి, ఒత్తిడి దానంతట అదే తొలగుతుందంటారు. ఉపదేశం సత్యమే. అది కర్త తనకు తాను చెప్పుకోవలసిన మాట. పని చేయించుకునేవాడు పనిచేసేవానికి చెప్పవలసిన మాట కాదు. యజ్ఞంలో ఋత్విక్కు నిస్స్వార్థంగా మంత్రం చెప్పవచ్చును. ఆ కారణాన యజమాని దక్షిణ ఎగవేయడానికి వీలులేదు. భాగవతం యజ్ఞునికీ దక్షిణకూ దాంపత్యం చెప్పింది. నెలల తరబడి వేతనం అందని ఒప్పంద అధ్యాపకునికి వైరాగ్యం బోధించడం ఆ దంపతులను విడదీయడమే. బయటి వైద్యశాస్త్రం కూడా ఈ వివేకాన్ని పాటించింది. పనివలన కలిగే తీవ్రమైన అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగవర్గీకరణలో ఉద్యోగసంబంధమైన స్థితిగానే వర్ణించింది, రోగంగా లెక్కించలేదు. సవరింపబడని దీర్ఘకాలపు ఒత్తిడి దానికి మూలమన్నది. మూలం కార్యాలయంలో ఉండగా చికిత్స అంతా ఉద్యోగి అంతఃకరణంలోనే చేయబూనడం ఎంతవరకు సబబు?

ఆయుర్వేదం నుండి ఒక్క మాట. చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో అణచుకోరాని వేగాలు పదమూడు చెప్పాడు. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర వాటిలో ఉన్నవి. కన్నీరు కూడా ఉన్నది. తప్పక అణచుకోవలసినవి వేరుగా చెప్పాడు. లోభం, క్రోధం, ఈర్ష్య మొదలైనవి అవి. కార్యాలయాలలో ఈ రెండు పట్టికలూ తారుమారైనవి. పై అధికారి క్రోధం నిరాటంకంగా ప్రవహిస్తుంది. మూడు గంటల పరీక్షకు పర్యవేక్షణ చేసే అధ్యాపకురాలు నీటిని తాగకుండానే వస్తుంది, మధ్యలో బయటికి పోవడానికి మారుమనిషి లేడు గనుక. కంటతడి పెట్టుకోవడానికి ఒక గది లేదు. మనోవేదన వినే సలహాదారు ఉన్నా అతడు కులసచివునికి నివేదించేవాడైతే ఎవరు నోరు విప్పుతారు? 14416 అనే టెలీ మానస్ సంఖ్యకు ఎవరైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చును. 2022లో ప్రభుత్వం ఆ సేవ ప్రారంభించింది. భక్తులలో అవసరమైనవారికి నేను ఆ సంఖ్యను ప్రసాదంతో పాటే వ్రాసి ఇస్తున్నాను. జపం మానమని చెప్పను, వైద్యుని వద్దకు పోవద్దనీ చెప్పను.

శీక్షావల్లిలో చదువు ముగించిన శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనాన్ని నేడు పలు విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాలలో పట్టభద్రులకు వినిపిస్తారు. సత్యం, ధర్మం, స్వాధ్యాయం, తల్లిదండ్రుల పట్ల దైవభావం, ఇవి అందరికీ గుర్తుంటాయి. వీటి నడుమ కుశలం విషయంలో ఏమరుపాటు కూడదన్న ఆజ్ఞ కూడా ఉన్నది. శంకరభగవత్పాదులు ఆ పదానికి ఆత్మరక్షణార్థమైన కర్మ అని భాష్యం చెప్పారు. తన్ను తాను కాపాడుకోవడం సత్యధర్మాల పంక్తిలోనే కూర్చున్నదన్నమాట. కుశలుడు అనే మాటకు కుశలను, అంటే దర్భలను, గ్రహించేవాడని పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. శ్రావణ అమావాస్యనాడు దర్భలు కోసినవారికి ఆ అంచు ఎంత పదునో తెలుస్తుంది. చేయి తెగకుండా దర్భను కోయగలవాడు కుశలుడు. పని జరగాలి, చేయి తెగకూడదు. అందుకు కోసేవాని నేర్పు కావాలి, నిజమే. ఒక మనిషి చేత ఎన్ని కట్టలు కోయించాలో నిర్ణయించేవాని వివేకం కూడా కావాలి.

ద్వివచనం గురుశిష్యులకే గదా, గుమాస్తాలకూ పారిశుధ్య కార్మికులకూ దానితో ఏమి సంబంధమని ఒక పండితమిత్రులు నన్ను ఆక్షేపించారు. వ్యాకరణం వారి పక్షానే ఉన్నది. అయినా గురుకులంలో సమిధలు తెచ్చినవారు, గోవులను కాచినవారు, వంట చేసినవారు ఆ కులంలోనివారే. ఇప్పుడు తరగతిగదిని ఊడ్చే స్త్రీ గుత్తేదారు పట్టికలో ఉంటుంది, విశ్వవిద్యాలయపు పట్టికలో ఉండదు. అందుచేత ఉద్యోగుల ఆరోగ్యశిబిరానికి ఆమెకు పిలుపు రాదు. యోగదినోత్సవపు చాపలు పరచినదీ, తరువాత ఉతికి ఆరవేసినదీ ఆమెయే. వచ్చే సంవత్సరం శిబిరపు జాబితా వ్రాసేటప్పుడు ఆమె పేరుతో మొదలుపెట్టమని కులసచివులకు నా విన్నపం.