మన ప్రయాణానికి ఒక పాసుబుక్కు

సిద్దిపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ళనూ, బడిలో పాఠాలు చెప్పే ఆడవాళ్ళనూ ఒకే ప్రశ్న అడిగాను: "రెండు నెలలు దేశం తిరిగి రావాలంటే డబ్బు ఎట్లా జమ చేస్తారు?" రెండు చోట్లా ఒకే జవాబు వచ్చింది: "ఇంట్ల ఏమంటరో!" నేను డబ్బు గురించి అడిగితే వాళ్ళు అనుమతి గురించి చెప్పారు.

2023 అక్టోబరులో సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు రైలు మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఉచిత ప్రయాణం వచ్చింది. వేములవాడకో యాదగిరిగుట్టకో పొద్దున పోయి, వంట వేళకు ఇల్లు చేరుతున్నాం. దూర ప్రయాణం మాత్రం మగవాడికైతే లోకజ్ఞానం, మనకైతే కాటికి కాళ్ళు చాపుకున్నాక కాశీ! రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును పౌరులందరికీ ఇచ్చింది. చేతిలో సొంత డబ్బు లేని స్త్రీకి ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

పొదుపు మనకు కొత్త కాదు. 1990ల మొదట్లో సారాపై పోరాడిన నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు కట్టారు. ఇప్పుడు మన ఊళ్ళ నిండా సంఘాలే. వాటి అప్పులు దేనికి పోతున్నాయి? బోరుకు, బిడ్డ పెళ్ళికి, కొడుకు ఫీజుకు. "నేను నాలుగు ఊళ్ళు చూసొస్తా" అని తీర్మానం పుస్తకంలో రాయించినవాళ్ళు మా సంఘంలో ఇప్పటికీ లేరు.

పోపుల డబ్బాలో దాచింది ఇంట్లో ఎవరికి అవసరం పడితే వాళ్ళదవుతుంది. కాబట్టి ఖాతా మన ఒక్కరి పేరు మీదే ఉండాలి. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టవచ్చు. గడువు 5 ఏళ్ళు. నెలకు 500 కడితే అసలే 30,000 అవుతుంది, వడ్డీ అదనం. తప్పకుండా కట్టగలిగినంతే రాయించుకోవాలి. రిజిస్టరు కాని చిట్టీలో వేస్తే, అది మునిగిన రోజున డబ్బు రాబట్టుకోవడం కష్టం.

రైలు చార్జీ, బస, తిండి అందరూ లెక్క వేస్తారు. కూలి మీద బతికే మనిషికి అసలు పెద్ద ఖర్చు ఆ రెండు నెలలూ రాని కూలి. సంఘం కిస్తీ ఆగదు, ఇంటి కిరాయి ఆగదు. ఆ సొమ్ము ముందే విడిగా పెట్టుకోవాలి. జబ్బు చేస్తే, మధ్యలోనే తిరిగి రావలసి వస్తే కావలసింది ఇంకొక భాగం. ఈ మూడు భాగాలూ నిండాకే టికెట్టు కొంటే అప్పుల పాలు కాకుండా ఇల్లు చేరతాం.

"ఇంత దాచినవా? ఇటు తే" అనే మాట అప్పుడు వస్తుంది. స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ యజమాని అని 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను అంటోంది. స్త్రీధనం భార్య సొంతమని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన రెక్కల కష్టం గురించి చెప్పడానికి కోర్టు దాకా ఎందుకు? పదిమంది కూర్చున్న సంఘం మీటింగు చాలదా?

ప్రతి సంఘమూ ప్రయాణ పొదుపు అని ఒక పద్దు తెరవాలి. ఒకామె వెళ్ళినప్పుడు ఆమె కిస్తీని మిగతావాళ్ళు సర్దాలి, ఆమె వచ్చి తీర్చాలి. ఆ రెండు నెలలూ పొయ్యి దగ్గర, పిల్లల దగ్గర మగవాళ్ళు ఉండాలి. వచ్చే మీటింగులో ఈ మూడు మాటలూ తీర్మానం పుస్తకంలోకి ఎక్కించండి. మొదట ఎవరు వెళ్తారో కూడా అప్పుడే పేరు రాయండి.