పాతది తెలిసినోళ్లకే కొత్త కొలువు

‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్న సామెత ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద బాగా కనిపిస్తోంది. ‘పాత టెక్నాలజీ పోయింది, క్లౌడ్ నేర్చుకో, ఏఐ నేర్చుకో’ అని చెప్పేవాళ్లే అందరూ. మా మొగుళ్లపల్లి నుంచి హన్మకొండకో, హైదరాబాద్‌కో వెళ్లి చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేదీ అదే: ‘అన్నా, ఇప్పుడు ఏది కొత్తగా నడుస్తోంది?’ నా మాట కొంచెం వేరు. కొత్తది నేర్చుకోండి, తప్పదు. కానీ పాతదాన్ని ఆపకుండా కొత్తదానికి మారడం ఎలాగో తెలిస్తే ఇంటర్వ్యూలో మీరు పదిమందిలో ఒకరిగా మిగిలిపోరు.

ఒక సంస్థలో పదివేల ల్యాప్‌టాప్‌లు ఉన్నాయనుకోండి. సాఫ్ట్‌వేర్ వేయాలన్నా, అప్‌డేట్లు పంపాలన్నా ఒక్కో మిషన్ దగ్గరికీ వెళ్లడం కుదరదు. ఈ పనుల కోసమే మైక్రోసాఫ్ట్ 1994లో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ తెచ్చింది. అదే తర్వాత కాన్ఫిగరేషన్ మేనేజర్ అయింది. ఆఫీసుల్లో ఇప్పటికీ ఎస్‌సీసీఎం అనే పిలుస్తారు. దాని సర్వర్లు కంపెనీ సొంత నెట్‌వర్క్‌లో ఉంటాయి. 2011లో వచ్చిన ఇంట్యూన్ క్లౌడ్‌లో ఉంటుంది. ఉద్యోగి మొగుళ్లపల్లిలో ఇంటి అరుగు మీద కూర్చుని పనిచేసినా, నెట్ ఉంటే చాలు, ఆ ల్యాప్‌టాప్ కంపెనీ అదుపులోనే ఉంటుంది.

ఒక్క రాత్రిలో ఎందుకు మారదు?

‘మరి పాతది ఆపేసి కొత్తది ఆన్ చేస్తే పోలా?’ అంటారేమో. 2025 జనవరి 1న ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అందుకోసం అంతకుముందు నాలుగు రోజులు సేవలు ఆపేశారు. ఉమ్మడి వరంగల్‌లో ఆ బ్యాంకు ఖాతా ఉన్న ఇళ్లల్లో ఇది గుర్తుండే ఉంటుంది. ఖాతాల లెక్కలు ఒకచోట ఉంటాయి కాబట్టి అలా ఆపి మార్చగలిగారు. ల్యాప్‌టాప్‌లు అలా ఒకచోట ఉండవు. కొన్ని ఇళ్లలో, కొన్ని బ్రాంచిల్లో ఉంటాయి. కొన్ని సెలవులో ఉన్నవాళ్ల బ్యాగుల్లో స్విచాఫ్ అయి ఉంటాయి. వాటన్నిటినీ ఒకే రోజు మార్చడం ఎవరి తరమూ కాదు.

అందుకే 2017లో కో-మేనేజ్‌మెంట్ వచ్చింది. ఒకే విండోస్ మిషన్‌ను ఎస్‌సీసీఎం, ఇంట్యూన్ రెండూ చూసుకుంటాయి. అయితే ఏ పని ఎవరిదో ముందే పంచుతారు. అప్‌డేట్లు, భద్రత, సెట్టింగులు, యాప్‌లు వంటి ఒక్కో పనికీ ఒక స్లైడర్ ఉంటుంది. దాన్ని ముందు కొద్దిమంది ఉన్న పైలట్ గ్రూప్‌కు జరిపి చూస్తారు. అంతా బాగుంటేనే మిగతా అందరికీ జరుపుతారు.

పైలట్ అంటే లాంఛనం అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అది ఎస్‌సీసీఎం, ఇంట్యూన్‌ల తప్పు కాదు. కానీ కొద్దిమందికి పంపి చూడకుండా అందరికీ ఒకేసారి పంపితే ఏమవుతుందో ఆ రోజు ప్రపంచం చూసింది.

ఇంటర్వ్యూలో ఇలా అడుగుతారు

‘అప్‌డేట్ల పని ఇంట్యూన్‌కు అప్పగించాం. ఒక ల్యాప్‌టాప్‌కు మాత్రం అప్‌డేట్లు రావట్లేదు. ఎక్కడ చూస్తావ్?’ కొత్తది మాత్రమే చదివినవాళ్లు ఇంట్యూన్ పోర్టల్‌లోనే తిరుగుతుంటారు. రెండూ తెలిసినవాళ్లు ముందు ఆ మిషన్ పైలట్ గ్రూప్‌లో ఉందా అని చూస్తారు. తర్వాత పాత గ్రూప్ పాలసీ ఇంకా దాన్ని కంపెనీ సొంత అప్‌డేట్ సర్వర్ వైపే తిప్పుతోందా అని వెతుకుతారు. పాలసీలు ఢీకొన్నప్పుడు, వేరే సెట్టింగ్ పెట్టకపోతే, మామూలుగా పాత గ్రూప్ పాలసీదే పైచేయి. కొత్త వ్యవస్థలో కనిపించే జబ్బుకు మూలం పాతదాంట్లో ఉండొచ్చు.

‘పోయే టెక్నాలజీ మీద టైం ఎందుకు దండగ?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. కొత్త ఫీచర్ల విషయంలో మైక్రోసాఫ్ట్ దృష్టి ఇంట్యూన్ మీదే ఉంది. ఎస్‌సీసీఎం మీద ఏళ్లు పెట్టమని నేనూ చెప్పను. మీ టైం మూడు వంతులైతే రెండు వంతులు కొత్తదానికి, ఒక వంతు పాతదానికి ఇవ్వండి. ఆ ఒక్క వంతుతో, పాత వ్యవస్థ ఉన్న ఆఫీసులో అడుగుపెట్టిన మొదటి రోజు బెదిరిపోకుండా ఉంటారు. పాతదాన్ని సురక్షితంగా సాగనంపాలన్నా అది తెలిసినవాళ్లే కావాలి కదా!

దీనికి వేలకు వేలు ఫీజులు కట్టక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలు ఉచితం. కాన్ఫిగరేషన్ మేనేజర్ ట్రయల్ 180 రోజులు, ఇంట్యూన్ ట్రయల్ 30 రోజులు దొరుకుతుంది. ఇంట్యూన్ గడువు చిన్నది కాబట్టి ముందు పాతది సెటప్ చేసుకుని, ఆ తర్వాతే దాన్ని మొదలుపెట్టండి. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే చిన్న ల్యాబ్ నడుస్తుంది. అది మీ దగ్గర లేకపోతే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కాలేజీ ల్యాబ్ అడగండి. తర్వాత ఎండీ-102 పరీక్ష సంగతి చూసుకోవచ్చు.

రెజ్యూమెలో ‘ఇంట్యూన్ తెలుసు’ అని ఊరికే రాయకండి. ‘ఒక మిషన్‌ను ఎస్‌సీసీఎం నుంచి ఇంట్యూన్‌కు మార్చాను, ఇక్కడ ఆగింది, ఇలా సరిచేశాను’ అని రాయండి. అవతలివాళ్లు అడగబోయే తర్వాతి ప్రశ్న మీకు ముందే తెలిసిపోతుంది. దానికి జవాబు కూడా మీ దగ్గరే ఉంటుంది.