ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటున్నారా? షోరూమ్ కంటే ముందు ఇంటి మీటర్ చూడండి

2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక కూడా హైదరాబాద్‌లో లీటర్ పెట్రోల్ రూ.107 పైనే నిలిచింది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అంతకంటే ఎక్కువే. దుకాణానికి వెళ్లాలన్నా, పిల్లల్ని స్కూల్లో దింపాలన్నా, డెలివరీలు చేసుకోవాలన్నా బండి తీయక తప్పని కుటుంబాలు నెలకు రూ.1,500 నుంచి రూ.2 వేల దాకా ట్యాంకులో పోస్తున్నాయి. అందుకే చాలా ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ: ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుందామా?

మరోవైపు 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు పెట్రోల్ బండ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. రూ.80 వేల స్కూటర్‌పై రూ.6 వేలకు పైగా తగ్గినట్టే. ఎలక్ట్రిక్ బండ్లపై జీఎస్టీ ముందు నుంచీ 5 శాతమే కాబట్టి వాటి ధరలో మార్పు లేదు. పైగా కేంద్రం ఇచ్చే సబ్సిడీ ఏటికేడు మెట్లు దిగుతూ వచ్చింది. 2021లో బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో యూనిట్‌కు రూ.15 వేలు ఇచ్చారు. 2023 జూన్‌లో అది రూ.10 వేలైంది. 2024లో రూ.5 వేలకు, 2025 ఏప్రిల్ నుంచి రూ.2,500కు దిగింది. అదీ బండికి రూ.5 వేలు మించకుండా. అంటే ‘సర్కార్ డబ్బిస్తుంది, చవకగా వస్తుంది’ అనే కాలం దాదాపు అయిపోయింది. ఇక ఎలక్ట్రిక్ స్కూటర్ లాభమా నష్టమా అన్నది తేలేది షోరూమ్‌లో కాదు, ఇంట్లోనే.

రోజుకు ఎన్ని కిలోమీటర్లు?

మొదటి లెక్క ఇదే. రోజుకు 30 కి.మీ. చొప్పున నెలకు 26 రోజులు తిరిగితే 780 కి.మీ. లీటర్‌కు 45 కి.మీ. ఇచ్చే పెట్రోల్ స్కూటర్‌కు సుమారు రూ.1,850 ఖర్చు. అదే దూరానికి ఎలక్ట్రిక్ స్కూటర్ సుమారు 30 యూనిట్ల కరెంట్ తీసుకుంటుంది. తెలంగాణలో 200 యూనిట్లు దాటిన ఇంటికి ఆ పై యూనిట్ ధర రూ.7.70. అంటే రూ.231. నెలకు రూ.1,600 మిగులు.

అదే రోజుకు 8 కి.మీ. మాత్రమే తిరిగే ఇల్లయితే? పెట్రోల్ ఖర్చే నెలకు రూ.500. ఎలక్ట్రిక్ తీసుకుంటే మిగిలేది రూ.430 దాకా. కొనేటప్పుడు రెండు బండ్ల మధ్య రూ.15 వేల తేడా ఉంటే, అది తిరిగి రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. ఎక్కువ తిరిగే వాళ్లకే ఇది ఎక్కువ లాభం.

ఇంకో మాట. ఇంట్లో బాగా నడుస్తున్న పెట్రోల్ బండిని పక్కన పెట్టి రూ.లక్ష పెట్టి కొత్తది కొంటే, లెక్క పూర్తిగా మారిపోతుంది. నెలకు రూ.1,600 మిగిలినా లక్ష తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. పాత బండి రిపేర్లకే నెలనెలా వెయ్యి పోతుంటే వేరే సంగతి. లేకపోతే తొందరపడాల్సిన పని లేదు.

200 యూనిట్ల గీత

తెలంగాణ కుటుంబాలు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది గృహజ్యోతి. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంట్ ఉచితం. 2024 మార్చి నుంచి జీరో బిల్లులు వస్తున్నాయి. కానీ 200 దాటితే, దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఈ ఒక్క నిబంధన స్కూటర్ లెక్కను తలకిందులు చేస్తుంది.

ఒకే గల్లీలో మూడు ఇళ్లు అనుకుందాం. మూడూ ఒకే స్కూటర్ కొన్నాయి, మూడింట్లోనూ నెలకు 30 యూనిట్ల చార్జింగ్. మొదటి ఇంట్లో ఇప్పటిదాకా 150 యూనిట్లు కాలేవి. స్కూటర్‌తో 180 అయ్యాయి. బిల్లు ఇంకా జీరోనే, పెట్రోల్ డబ్బు రూ.1,850 మొత్తం మిగులు. రెండో ఇంట్లో 180 కాలేవి. ఇప్పుడు 210. మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున రూ.1,020, పై పదికి రూ.77, ఇతర చార్జీలు కలిపితే రూ.1,100 దాటింది. జీరో బిల్లు వచ్చే ఇంటికి ఒక్కసారిగా వెయ్యి పైన. పెట్రోల్ మిగులులో సగం కంటే ఎక్కువ అక్కడే పోయింది. మూడో ఇంట్లో కూలర్, ఫ్రిజ్, మోటర్ కలిపి ముందే 250 యూనిట్లు. వాళ్లకు అదనంగా పడేది రూ.231 మాత్రమే.

బండి ఒకటే, దూరం ఒకటే. మిగులు మాత్రం ఒకరికి రూ.1,850, ఒకరికి రూ.750, ఒకరికి రూ.1,600. అందుకే కొనే ముందు గత ఏడాది కరెంట్ బిల్లులు ముందేసుకోవాలి. 170 యూనిట్ల లోపు ఉండే ఇంటికి భయం లేదు. 170 నుంచి 200 మధ్య ఊగే ఇల్లే జాగ్రత్తపడాలి. దుకాణంలోనో, పనిచేసే చోటో కొంత చార్జింగ్ పెట్టుకునే వీలుంటే ఆ గీత దాటకుండా ఉండొచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం లేదు కాబట్టి ఈ చిక్కూ లేదు. అక్కడ శ్లాబు చూసుకుంటే చాలు. 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్ రూ.6, ఆ పైన 400 వరకు రూ.8.75. ముప్పై యూనిట్లకు రూ.180 నుంచి రూ.265 దాకా, దానిపై సర్దుబాటు చార్జీలు.

ప్లగ్ ఎక్కడుంది?

రెండో ప్రశ్న చార్జింగ్. సొంత ఇల్లు, కింద గేటు లోపల బండి పెట్టే చోటు, పక్కనే ప్లగ్ పాయింట్ ఉంటే ఏ స్కూటరైనా నడుస్తుంది. కానీ పాతబస్తీ సందుల్లో గానీ, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్ పాత పేటల్లో గానీ చాలా కుటుంబాలు పై అంతస్తులో అద్దెకు ఉంటాయి. బండి కింద, మీటర్ ఇంకెక్కడో. కిటికీ లోంచి వైరు వేలాడదీసి, ఎక్స్‌టెన్షన్ బోర్డుతో చార్జింగ్ పెట్టడం ప్రమాదం. ఓనర్‌తో మాట్లాడి, తమ మీటర్ నుంచే ఎర్తింగ్ ఉన్న ప్లగ్ పాయింట్ కిందికి వేయించుకోవాలి. బండి కొన్నాక కాదు, బుకింగ్ కంటే ముందే ఇది తేల్చుకోవాలి.

అది కుదరని వాళ్లకు బ్యాటరీ తీసి పైకి తెచ్చుకునే మోడళ్లున్నాయి. అయితే ఆ బ్యాటరీ పది కిలోల పైమాటే. రోజూ మూడంతస్తులు ఎవరు మోస్తారు? ఇంట్లో పెద్దవాళ్లు, ఆడవాళ్లు కూడా ఆ బండి వాడేటట్టయితే ఇది చిన్న విషయం కాదు.

పైకి తెచ్చిన బ్యాటరీని ఎక్కడ పెడుతున్నారన్నది ఇంకా పెద్ద విషయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది చనిపోయారు. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ను గట్టిపరిచింది. 2022 డిసెంబర్, 2023 మార్చి నెలల్లో రెండు దశల్లో అది అమల్లోకి వచ్చింది. కాబట్టి అంతకుముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి చవకగా వస్తోందంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

కొత్త బండికైనా కొన్ని కట్టుబాట్లు తప్పవు. పడుకునే గదిలో, బయటికి వెళ్లే తలుపు దగ్గర, గ్యాస్ సిలిండర్ పక్కన చార్జింగ్ పెట్టొద్దు. రాత్రంతా వదిలేయొద్దు. కంపెనీ ఇచ్చిన చార్జర్ తప్ప వేరేది వాడొద్దు. ఎండలో తిరిగొచ్చిన వెంటనే కాకుండా బ్యాటరీ చల్లారాక పెట్టాలి. వరద నీటిలో మునిగిన బండిని సర్వీస్ వాళ్లు చూసేదాకా ప్లగ్‌కు కలపకూడదు.

ధర చూసేటప్పుడు

లక్ష లోపు పేరున్న కంపెనీల బండ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. విడుదల నాటి షోరూమ్ ధరలు చూస్తే, 2.2 యూనిట్ల బ్యాటరీతో టీవీఎస్ ఐక్యూబ్ 2024 మేలో రూ.95 వేలకు వచ్చింది. 3 యూనిట్ల బజాజ్ చేతక్ 3001 2025 జూన్‌లో రూ.99,990. బ్యాటరీ తీసుకెళ్లగలిగే హీరో విడా వీఎక్స్2 గో 2025 జూలైలో రూ.99,490. 3.1 యూనిట్ల టీవీఎస్ ఆర్బిటర్ 2025 ఆగస్టులో రూ.99,900. తర్వాత ధరలు మారుతుంటాయి కాబట్టి ఇన్సూరెన్స్, చార్జర్, యాక్సెసరీలు అన్నీ కలిపి రోడ్డెక్కే ధర కాగితం మీద రాయించుకోవాలి. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 వరకు పూర్తిగా మాఫీ. 2024 నవంబర్‌లో వచ్చిన పాలసీ ఇది. పెట్రోల్ స్కూటర్‌తో పోలిస్తే ఇక్కడ దాదాపు రూ.9 వేలు కలిసొస్తుంది. ఆ పేరుతో బిల్లులో ఏదైనా వేస్తే అడగాలి.

కంపెనీ చెప్పే రేంజ్‌ను ఉన్నదున్నట్టు నమ్మొద్దు. అది పరీక్షలో వచ్చిన అంకె. వెనుక ఒకరు, ముందు పిల్లాడు, సంచిలో సామాన్లు, ఫ్లైఓవర్ల ఎక్కుడు ఉంటే నాలుగో వంతు తగ్గుతుంది. 92 కి.మీ. అని రాస్తే 70 అనుకోవాలి. రోజూ 30 కి.మీ. తిరిగేవాళ్లకు అది చాలు. పెద్ద బ్యాటరీ కోసం అదనంగా రూ.20 వేలు పెట్టాల్సిన పని లేదు. రోజుకు 80, 90 కి.మీ. తిరిగే డెలివరీ కుర్రాళ్లకు మాత్రం చిన్న బ్యాటరీ బండి సరిపోదు.

బ్యాటరీ లేకుండా బండి తక్కువ ధరకు ఇచ్చి, కిలోమీటర్‌కు ఇంత అని అద్దె తీసుకునే పద్ధతి కూడా వచ్చింది. విడా వీఎక్స్2 గో విడుదలలో ఇలా రూ.59,490కే ఇచ్చి, కి.మీ.కు 96 పైసలు అన్నారు. ముందు రూ.40 వేలు తగ్గుతాయి. కానీ నెలకు 780 కి.మీ. తిరిగితే అద్దె రూ.750. కరెంట్ ఖర్చు వేరే. నాలుగున్నరేళ్లలో ఆ రూ.40 వేలు కట్టేసినట్టే, అయినా బ్యాటరీ మీది కాదు. తక్కువ తిరిగేవాళ్లకు ఇది పనికొస్తుంది. అయితే నెలకు కనీసం ఇంత కట్టాలన్న షరతు ఉందా, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అని ముందే అడగాలి.

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలకు ‘జీరో పర్సెంట్ ఈఎంఐ’ బోర్డులు ఆశ చూపిస్తాయి. సున్నా వడ్డీ అన్నదే అసలు లేదని 2013 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు స్పష్టం చేసింది. ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో, నగదుకు ఇచ్చే డిస్కౌంట్ ఎత్తేయడం ద్వారానో ఆ వడ్డీ ఎక్కడో ఒకచోట కలుస్తుంది. నగదు ధర ఎంత, వాయిదాల మొత్తం ఎంత అని రెండూ రాయించుకుంటే తేడా కళ్లకు కనిపిస్తుంది. కిలోమీటర్ అద్దె ఒప్పందం వెనుక కూడా ఫైనాన్స్ సంస్థ ఉందేమో చదివాకే సంతకం పెట్టాలి. ఆరు నెలలు ఆగి, కమిటీ వేసుకుని నగదుతో కొనడమే కొందరికి మంచి దారి.

పిల్లల చేతికి ఇచ్చే బండి

రూ.50 వేల లోపు దొరికే ‘లైసెన్స్ అక్కర్లేని’ స్కూటర్ల సంగతి వేరు. మోటర్ శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉంటేనే చట్టం వాటిని మోటర్ వాహనంగా లెక్కించదు. కొందరు అమ్మకందార్లు అదే బండికి స్పీడ్ లాక్ తీసి 45, 50 దాకా పోయేలా చేసి ఇస్తారు. అప్పుడు అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటర్ వాహనమే. ప్రమాదం జరిగితే ఆదుకునే ఇన్సూరెన్స్ ఉండదు. మైనర్ నడిపితే 2019లో సవరించిన మోటర్ వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకు రూ.25 వేల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ట్యూషన్‌కు వెళ్లడానికి కదా అని పిల్లాడికి కొనిచ్చే ముందు ఇది గుర్తుండాలి.

చివరి ప్రశ్న: రిపేర్ ఎవరు చేస్తారు?

పెట్రోల్ స్కూటర్ ఆగిపోతే గల్లీ చివరి మెకానిక్ చూస్తాడు. ఎలక్ట్రిక్ బండిలో బ్రేకులు, టైర్లు అతను చూడగలడు గానీ బ్యాటరీ, కంట్రోలర్ పాడైతే కంపెనీ సర్వీస్ సెంటరే దిక్కు. అది 60 కి.మీ. దూరంలో ఉంటే మిగిలిన పెట్రోల్ డబ్బు ట్రాలీ ఆటోకే పోతుంది. అందుకే మీ ఊళ్లో, మీ పేటలో అదే మోడల్ ఏడాదికి పైగా నడుపుతున్న ఇద్దరితో మాట్లాడండి. బండి ఎన్నిసార్లు ఆగింది, పార్టు రావడానికి ఎన్ని రోజులు పట్టింది అని అడగండి. బ్యాటరీ వారంటీ చాలా బండ్లకు మూడేళ్లు లేదా 50 వేల కి.మీ. ఉంటుంది. కొన్ని కంపెనీలు అదనపు డబ్బు తీసుకుని ఎనిమిదేళ్ల దాకా ఇస్తాయి. బండిలో అన్నిటికంటే ఖరీదైన భాగం బ్యాటరీయే కాబట్టి, డిస్కౌంట్ కంటే ఆ వారంటీ కాగితం విలువైంది.

టెస్ట్ రైడ్ కూడా ఇంట్లో ఎవరు ఎక్కువ నడుపుతారో వాళ్లే చేయాలి. కాళ్లు నేలకు ఆనాలి, ఇరుకు సందులో బండి తిప్పగలగాలి. వెనుక కూర్చునే వాళ్ల బురఖా, చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా శారీ గార్డ్ గట్టిగా ఉందో లేదో చూడాలి.

ఏడాది కరెంట్ బిల్లులు, రోజువారీ దూరం, కింద ప్లగ్ పాయింట్, దగ్గరలో సర్వీస్ సెంటర్. ఈ నాలుగూ కుదిరిన ఇంటికి రూ.లక్ష లోపు ఎలక్ట్రిక్ స్కూటర్ మంచి బేరమే. ఒకటి కుదరకపోయినా, అది కుదిరేదాకా ఆగడం వల్ల పోయేదేమీ లేదు.