కవరు కాదు, లెక్క కావాలి!

తెరమీద హీరో మేడమీంచి దూకితే మనం ఈలలు వేస్తాం. దూకింది డూప్ అని తెలిసినా వేస్తాం. తప్పేం లేదు, ఆ ఈల అతనిదే! కానీ దూకినవాడు మళ్లీ లేవకపోతే? ఇంట్లో పిల్లల సంగతేమిటి?

కృష్ణానగర్ టీకొట్ల దగ్గర ఈ మాటెత్తితే నాకు తరచూ వినబడే జవాబు ఒకటే: "నిర్మాతగారు మంచివారండీ, ఏదో ఒకటి చేస్తారు." మంచివాళ్లు లేకపోలేదు. 2020 ఫిబ్రవరి 19న చెన్నై దగ్గర 'ఇండియన్ 2' సెట్లో క్రేన్ కూలి ముగ్గురు పోతే, కమల్ హాసన్ ఆ కుటుంబాలకు కోటి రూపాయలు ప్రకటించారు. దండం పెట్టాల్సిందే. అయితే ప్రతి సెట్లోనూ కమల్ హాసన్ ఉండరు కదా!

అసలు సంగతేమిటంటే, ఇది దయ కాదు, బాకీ. 1923 నాటి నష్టపరిహార చట్టం సినిమా తీసేచోట, ఆడించేచోట పనిచేసేవాళ్లను తన జాబితాలో చేర్చింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. పేరు మారింది గాని పిల్లల హక్కు పోలేదు.

లెక్క చూడండి. నెలజీతంలో సగాన్ని, వయసునుబట్టి చట్టం ఇచ్చిన అంకెతో హెచ్చవెయ్యాలి. నలభై ఏళ్లవాడికి ఆ అంకె 184.17. పాత చట్టం కింద 2020లో లెక్కకు తీసుకునే జీతానికి హద్దు 15,000 అన్నారు. అందులో సగం 7,500. వెరసి 13,81,275 రూపాయలు! చిన్న వయసువాడైతే ఇంకా ఎక్కువే. భార్య, మైనరు కొడుకు, పెళ్లికాని కూతురు, భర్తలేని తల్లి ముందువరస హక్కుదారులు. దత్తత పిల్లలకూ అదే హక్కు.

ఇక కవరు కథ. పదోరోజు కాకముందే మేనేజరు కవరు పట్టుకొస్తాడు, కాగితం మీద సంతకం అడుగుతాడు. అమ్మా, తొందరపడకండి! చావు పరిహారాన్ని యజమాని నేరుగా చేతిలో పెడితే చెల్లు కాదనీ, కమిషనర్ దగ్గర జమకట్టాలనీ పాత చట్టమే చెప్పింది. అడ్వాన్సుగా మూడునెలల జీతం దాకా ఇవ్వొచ్చు, అంతే. ఎందుకంటారా? మైనరు బిడ్డ వాటా పెద్దల అప్పుల్లో కరిగిపోకుండా. "హక్కు వదులుకున్నాం" అని రాయించుకున్న కాగితం చిత్తుకాగితమే. "తాగి ఉన్నాడు", "బెల్టు కట్టుకోలేదు" అనే సాకులు ప్రాణం పోయినచోట పనికిరావు. "మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అని తప్పుకోవడమూ కుదరదు.

ఫైటర్ తమ్ముళ్లూ, లైట్‌మన్ అన్నలూ! పనిచేసిన రోజుకు, పుచ్చుకున్న కూలికి ఒక కాగితం ముక్క ఇంట్లో దాచండి. రేపు మీ పిల్లల తరఫున సాక్ష్యం చెప్పేది అదే. నిర్మాతలూ! ముహూర్తం కొబ్బరికాయతోపాటు బీమా కాగితం కూడా సిద్ధం చేయించండి.

ఇక ఇల్లాళ్లకు ఒక్క మాట. దావాకు గడువుంటుంది, పాత చట్టంలో అది రెండేళ్లు. మనసు కుదుటపడ్డాక చూద్దాంలే అనుకోకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని ముందు లేబర్ ఆఫీసు గడప తొక్కండి.