అస్థికలకు మట్టి ముంతే కావాలి
మచ్చ బొల్లారం, అల్వాల్ వాసులకు విజ్ఞప్తి

మొన్న మా బంధువుల ఇంట్లో పెద్దాయన పోయాడు. మూడో రోజు అస్థికల కోసం నగరంలోని ఒక శ్మశానవాటికకు వెళ్తే, కొడుకు చేతిలో నల్ల పాలిథిన్ సంచి పెట్టారు. దాని మీద పేరు లేదు, తేదీ లేదు. "ఇవి మా నాన్నవేనా?" అని అడిగితే, "కలశం కావాలంటే ప్యాకేజీలో ఉంది సార్" అని జవాబు. ఇత్తడి కలశం, ఎర్రగుడ్డ, పూలదండ కలిపి వేల రూపాయలు. అతను మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

గుండు చేయించుకుని, తడిబట్టలతో నిలబడ్డ మనిషి బేరమాడడు. "నాన్నకు ఈ మాత్రం చెయ్యరా?" అనే ఒక్క మాటకే జేబు ఖాళీ అవుతుంది. ఈ బలహీనత మీదే వ్యాపారం నడుస్తోంది. గోడ మీద ధరల పట్టిక ఉండదు, చేతికి రసీదు రాదు. దుఃఖంలో ఉన్నవాడి దగ్గర గుంజుకోవడం దోపిడీయే, దానికి మరో పేరు పెట్టనక్కర్లేదు.

మన పక్కనున్న హష్మత్‌పేటలో ఇనుప యుగం నాటి రాతి సమాధులున్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల అలాంటి సమాధులను తవ్వినప్పుడు ఎముకలతో పాటు మట్టి కుండలు బయటపడ్డాయి. అప్పటి నుంచీ ఈ నేల మీద చావుకు తోడు మట్టే. బొల్లారం ఊరుగా ఉన్న రోజుల్లో కుండ కుమ్మరి ఇంటి నుంచే వచ్చేది. 2007లో అల్వాల్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఊరు నగరమైంది, కుండ ప్యాకేజీ అయింది.

ఇక ఆ సంచి సంగతి. 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీబ్యాగులను 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధించారు. వంకాయలకు పనికిరాని సంచి కన్నతండ్రి బొక్కలకు పనికొస్తుందా? దాన్నే బాసర తీసుకెళ్లి గోదావరిలో విసిరేస్తే అది పుణ్యమా?

సంచి మీద పేరు చీటీ లేకపోవడం కూడా చిన్న విషయం కాదు. గాంధీజీ అస్థికలను 1948 ఫిబ్రవరిలో దేశంలోని ఎన్నో నదుల్లో కలిపారు. మన లంగర్‌హౌజ్ బాపూ ఘాట్ అలా వెలిసిందే. అయినా ఒక పెట్టె కటక్‌లోని బ్యాంకు లాకర్‌లో ఉండిపోయి, 1997 జనవరి 30న గానీ ప్రయాగ సంగమం చేరలేదు. మహాత్ముడి అస్థికలకే అంత ఆలస్యమైతే, చీటీ లేని సంచిలో ఉన్న మనవాళ్లకు దిక్కెవరు?

మట్టిది పగులుతుందంటారు. గుడ్డ చుట్టి బుట్టలో పెట్టుకుంటే పగలదు. ఇత్తడి అయితేనే గౌరవమంటారు. గౌరవం బతికున్నప్పుడు చూపించాలి.

చెయ్యాల్సింది ఇదీ. పాడె ముందు మోసే కుండ కొన్నప్పుడే ఒక ముంత, దాని మీదికి మూకుడు కూడా కొనండి. రంగు వెయ్యనిది, చెయ్యి దూరేంత మూతి ఉన్నది చూడండి. వేలితో కొడితే ఖంగుమనాలి. బొంగురుగా మోగితే బీట ఉన్నట్టే. కట్టెల మీద దహనం చేస్తే ఏరిన అస్థికలకు చిన్న ముంత చాలు. గ్యాస్ లేదా కరెంటు యంత్రమైతే రెండు మూడు కిలోలు వస్తాయి, మూడు నాలుగు లీటర్లు పట్టేది తీసుకోండి. ఈ మాట ఇంట్లో ముందే అనుకుని పెట్టుకోండి. చావు ఇంట్లో అప్పటికప్పుడు ఆలోచన తోచదు.

మున్సిపల్ అధికారులను మనం అడగాల్సినవి నాలుగు:

1. ప్రతి శ్మశానవాటికలో కుమ్మరుల దగ్గర కొన్న మట్టి ముంతలు కొన్న ధరకే అమ్మాలి.
2. అన్ని ధరలూ తెలుగులో గోడ మీద రాయాలి, రసీదు ఇవ్వాలి.
3. పేరు, తేదీ రాసిన చీటీ, రిజిస్టర్, తాళం వేసే అర ఉండాలి.
4. అస్థికలను పాలిథిన్‌లో ఇవ్వడం ఈరోజే ఆపాలి.

ఈ కాగితం వెనుక మీ ఇంటి నంబరు రాసి సంతకం చెయ్యండి. కాలనీ సంఘాలు వీటిని పోగు చేసి సర్కిల్ కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. జవాబు రాకపోతే అందరం కలిసి అక్కడికే వెళ్దాం.