తప్పు ఇసుకది కాదు

సముద్రపు నీటి ట్యాంకుల్లో పగడాలు పెంచేవాళ్లు ఎక్కడ కలిసినా ఒక మాట వినిపిస్తుంది: నాలుగైదేళ్లు దాటిన ఇసుక టైంబాంబు, పేలకముందే మొత్తం తోడేసి కొత్తది పోసుకోవాలి అని. నేను ఒప్పుకోను. నిలకడగా నడుస్తున్న ట్యాంకును చేజేతులా కూల్చే సలహా ఇది.

తోడి పారబోసేది ఏమిటో ముందు తెలియాలి. పైపొరలో ఆక్సిజన్ అందేచోట ఉండే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రేటుగా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోతుల్లో మరో రకం బాక్టీరియా ఆ నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాఁ జోబేర్ రూపొందించిన మొనాకో పద్ధతి నిలబడింది ఈ మందపాటి ఇసుక మీదే. ఆయన ఇసుక కింద కదలని నీటికి ఒక అర కూడా వదిలేవాడు. తర్వాతి ప్రయోగాల్లో ఆ అర వల్ల పెద్ద తేడా కనబడలేదు. పని చేసింది ఇసుకే. అందులో బతికే బ్రిసిల్ పురుగులు, స్పగెట్టి పురుగులు, యాంఫిపాడ్లు మిగిలిన మేతను తింటూ ఇసుకను గుల్లగా ఉంచుతాయి. అవన్నీ ఒక్కపూటలో చెత్తబుట్టలోకి పోతాయి.

అవతలివాళ్ల వాదనలో బలమైనది ఫాస్ఫేటు. అది నిజమే. అరగొనైట్ ఇసుక కాల్షియం కార్బొనేటు. నీటిలో ఫాస్ఫేటు ఎక్కువైతే పట్టుకుంటుంది, తగ్గితే వదులుతుంది. కానీ ట్యాంకులోని రాయి కూడా అదే పదార్థం, అదే మేత కలిసిన నీటిలో అన్నేళ్లూ నానింది. రాయిని ఉంచి ఇసుకను నిందించడం ఏం న్యాయం? పైగా కొత్త అరగొనైట్ నీటిలోని ఫాస్ఫేటును ఒక్కసారిగా లాగేస్తుంది. ఫాస్ఫేటు సున్నాకు పడిపోయిన ట్యాంకులో డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు అదను చూసుకుని గోధుమరంగు జిగటలా కమ్ముకుంటాయి. వాటిలో ఆస్ట్రియోప్సిస్ లాంటి విషపు రకమైతే నత్తలు చనిపోతాయి.

ఇక అడుగున కనిపించే నలుపు. అది ఐరన్ సల్ఫైడు. కదపకపోతే అక్కడే ఉంటుంది. ఒక్కసారిగా కెలికితేనే హైడ్రోజన్ సల్ఫైడు, ఏళ్ల మురికి కలిసి నీటిలోకి వస్తాయి. వాళ్లు భయపడే పేలుడును తెచ్చేది ఆ తోడేయడమే.

విశాఖ, భీమిలి తీరాల ఇసుక తెచ్చి పోస్తామనేవాళ్లకు ఒక మాట: అందులో ఎక్కువ క్వార్ట్జ్, దాంతోపాటు ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువు ఖనిజాలు. పగడాల ట్యాంకుకు కావలసింది అది కాదు.

ఇసుక మురికిపడిందంటే పైనుంచి పడే మేత ఎక్కువైందని, బయటికి పోయేది తక్కువైందని అర్థం. ఫ్రోజెన్ మేతను కడిగి ట్యాంకులో వేయాలి, స్కిమ్మర్‌ను శుభ్రంగా ఉంచాలి, నీళ్లు మార్చిన ప్రతిసారీ ఒక మూల పైపొరను మాత్రం సైఫన్‌తో పీల్చాలి. రాగి మందు వాడిన ట్యాంకులోనో, ఇసుక రాయిలా గట్టిపడినప్పుడో మార్చక తప్పదు. అప్పుడు కూడా ఒకసారికి పావు వంతే తీసి, పాత ఇసుకలో మంచిది ఉంటే రెండు గుప్పెళ్లు కొత్తదానిమీద చల్లి, కొన్ని వారాలు ఆగాలి. ప్రతి విడత తర్వాత అమ్మోనియా, ఫాస్ఫేటు పరీక్షించాలి. ఫాస్ఫేటు 0.03 పీపీఎం కిందికి జారుతుంటే తర్వాతి విడత వాయిదా వేయాలి.